ఎవరు ఎక్కడ మొదలుపెడతారు, ఏ మెట్టు దాటేస్తారు: టీమ్ లీడ్ ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాలుగు నెలల కిందట గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ అయ్యారు. మీ కింద ఆరుగురు. సమస్య రాగానే ఒకరు కోడ్ తెరిచి చెయ్యి పెట్టేస్తారు. ఒకరు రెండు రోజులు నోరు విప్పరు. ఒకమ్మాయి అందరినీ అడుగుతూ తిరుగుతుంది. ఒకాయన ప్రతిదీ రాసుకుంటేగాని కదలరు. ఇంకొకరికి ఏ పరిష్కారం చెప్పినా అందులో ప్రమాదమే కనిపిస్తుంది. ఆరో వ్యక్తి ఎప్పుడూ "పాతది తీసేసి కొత్తగా రాద్దాం" అంటారు. హెచ్‌ఆర్ వాళ్లు అందరికీ పదహారు రకాల వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరి రకాన్ని సూచించే నాలుగు అక్షరాలు తలా చేతిలో పెట్టారు. ఆ అక్షరాలను బట్టి పని పంచవచ్చా? సమస్యలు తేల్చడంలో ఏ రకం వాళ్లు మెరుగు? మీకు ఇంట్రోవర్ట్ (నలుగురిలో ఎక్కువ మాట్లాడని, తనలో తానుండే మనిషి) అని వచ్చింది, మరి లీడ్‌గా నెగ్గుకురాగలరా?

సూటిగా చెప్తాను. ఆ అక్షరాలను బట్టి పని పంచకండి. ఏ రకమూ మిగతావాటికన్నా మెరుగు కాదు. మనిషి స్వభావాన్ని బట్టి తెలిసేది అతను సమస్యను ఏ కొస నుంచి పట్టుకుంటాడన్నదే. ఎంత బాగా తేలుస్తాడన్నది వేరే లెక్క. మీరు గమనించాల్సినవి రెండు: ఒక్కొక్కరు ఎక్కడ మొదలుపెడతారు, ఏ మెట్టు చూడకుండా దాటేస్తారు. ఆ దాటేసిన మెట్టు దగ్గర ఇంకొకరిని నిలబెట్టడం మీ పని. మూడో ప్రశ్నకు చివర్లో వస్తాను.

నాది సాఫ్ట్‌వేర్ కాదు. జీడిమెట్లలో మందుల ప్యాకింగ్ చేసే ప్లాంట్‌లో 24 ఏళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఆరేళ్లుగా కొత్త షిఫ్ట్ ఇంజనీర్లకు బ్రేక్‌డౌన్ పని నేర్పుతున్నాను. మెషిన్ ఆగినా సర్వర్ ఆగినా దాని చుట్టూ చేరే మనుషులు ఒకటే. మా తమ్ముడి కొడుకు మీ వైపే పనిచేస్తాడు. వాడు చెప్పే ప్రొడక్షన్ ఇష్యూలు, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు, వింటుంటే నాకు మా షాప్ ఫ్లోర్ మనుషులే గుర్తొస్తారు.

ముందు ఆ అక్షరాల సంగతి. 1921లో కార్ల్ యుంగ్ అనే స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు మనుషుల స్వభావాలను రకాలుగా విడదీసి రాశాడు. ఆ ఆలోచన ఆధారంగా అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఈ ప్రశ్నావళి తయారుచేశారు. తన గురించి తాను ఆలోచించుకోవడానికి, పక్కవాడు నాలాగే ఉండక్కర్లేదని గుర్తుచేసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ కొన్ని వారాలు ఆగి అదే మనిషి మళ్లీ రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం మారిపోతుంది. ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయడానికి దీన్ని వాడకూడదని, దాన్ని అమ్మే కంపెనీయే చెబుతుంది. మనస్తత్వ పరిశోధకులు ఎక్కువగా నమ్మే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో రకాలు ఉండవు, ఐదు గుణాలు ఉంటాయి: కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతిగా పనిచేయడం, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఆందోళన. ఒక్కో గుణం ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ. ఎక్కువమంది ఈ చివరా ఆ చివరా కాకుండా మధ్యలో ఉంటారు. మధ్యలో ఉన్న మనిషిని బలవంతంగా ఒక గదిలోకి తోసి తలుపేస్తే ఆ అక్షరాలు వస్తాయి.

నా పనికి వీటన్నిటికన్నా అక్కరకొచ్చింది మైకేల్ కర్టన్ అనే ఆయన 1976లో చెప్పిన మాట. కొందరు ఉన్నదాన్నే మెరుగుపరిచి సమస్య తేలుస్తారు, కొందరు పద్ధతినే మార్చి తేలుస్తారు. ఇది తీరుకు సంబంధించినదే గానీ సామర్థ్యానికి సంబంధించినది కాదని ఆయన గట్టిగా విడదీసి చెప్పాడు. మెరుగుపరిచేవాళ్లలో తెలివైనవాళ్లూ ఉంటారు, అంతంతమాత్రం వాళ్లూ ఉంటారు. రెండో వైపూ అంతే. ఈ తేడా తెలియక, తమలా ఆలోచించని ప్రతివాణ్నీ తెలివితక్కువవాడి కింద జమకట్టిన మేనేజర్లను నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు మా ప్లాంట్‌లో జరిగింది ఒకటి చెప్తాను. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు అడిగినదంతా ఇందులో ఉంది.

ఒక వేసవిలో చివరి ప్యాకింగ్ లైన్ ఒకటి మధ్యాహ్నం పూట ఆగిపోవడం మొదలైంది. మందుల స్ట్రిప్పులు పెట్టెల్లో సర్దే చోటు అది, అక్కడ ఏసీ లేదు. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్ వేడెక్కి ట్రిప్ అయ్యేది. తెర మీద ఓవర్ టెంపరేచర్ అని వచ్చేది. అరగంట చల్లారనిచ్చి రీసెట్ కొడితే ఏమీ ఎరగనట్టు నడిచేది.

మా ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చాడు. పది నిమిషాల్లో ప్యానెల్ తెరిచి, ఫిల్టర్ దులిపి, ఫ్యాన్ మార్చేశాడు. ఒక రోజు బాగానే నడిచింది, మర్నాడు మళ్లీ ఆగింది. ఈసారి ప్యానెల్ తలుపు తీసి ఎదురుగా పెడస్టల్ ఫ్యాన్ పెట్టాడు. అలా తెరిచి నడపడం ప్రమాదం, లోపలికి దుమ్ము కూడా పోతుంది. నేను చూసి మూయించాను. అయితే అప్పటికే ఆ పూట సరుకు బండెక్కిపోయింది.

షిఫ్ట్ ఇంజనీర్ తీరు దీనికి పూర్తిగా వేరు. ఆయన దేనికీ చెయ్యి పెట్టలేదు. రెండు వారాలపాటు అరగంటకోసారి ప్యానెల్ వేడి, మోటారు తీసుకునే కరెంటు, బయటి ఉష్ణోగ్రత రాసుకుంటూ పోయాడు. అందరికీ విసుగొచ్చింది. రెండు వారాల తర్వాత ఆ కాగితాల్లోంచి ఒక విషయం బయటపడింది: ట్రిప్ అయ్యేది సోమ, బుధ, శుక్రవారాల్లోనే, రెండు గంటలకూ మూడున్నరకూ మధ్యే. ఎండ అన్ని రోజులూ ఒకేలా ఉంది. లోడ్ కూడా ఒకటే. అక్కడ ఆయన ఆగిపోయాడు. ఇంకో రెండు వారాలు వోల్టేజీ కూడా రాసుకుంటానన్నాడు.

తేల్చింది డిప్లొమా చదివి చేరి మూడు నెలలైన ట్రైనీ. అప్పటికి ఆ పిల్లవాడికి మీటర్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. కానీ భోజనాల వేళ మాతో కాకుండా ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని డబ్బా విప్పుతాడు. ఒకరోజు అన్నం తింటూ అడిగాడట, "అక్కా, సోమవారం, బుధవారం మీకాడ పని ఏమన్న వేరేగుంటదా?" అని. ఆమె చెప్పింది: "బండొచ్చే రోజులు కదా తమ్మీ. నిండిన డబ్బాలన్నీ ఆ ప్యానెల్ పక్కన పేరుస్తం. మిషన్ ఆగితే మీరొస్తరు కదా, తలుపు తియ్యనీకి అడ్డమైతయని పక్కకు జరుపుతం."

గాలి లోపలికి పోయే ఫిల్టర్‌కు ఆనించి పెట్టెలు పేర్చేవాళ్లు. గాలాడక డ్రైవ్ వేడెక్కేది. మెషిన్ ఆగగానే, మేము వస్తున్నామని, మా మీద మర్యాదతో ఆ పెట్టెలు తీసేసేవాళ్లు. మేము వెళ్లేసరికి అక్కడ ఏమీ ఉండేది కాదు. మేము ఎన్ని మీటర్లు పెట్టి కొలిచినా ఎలా దొరుకుతుంది?

ఇక్కడ చాలామంది "చూశారా, మాట్లాడే మనిషే గెలిచాడు" అంటారు. నేను ఒప్పుకోను. సోమ, బుధ, శుక్రవారాలన్న సంగతి ఆ కాగితాలు లేకుండా బయటపడేది కాదు, ట్రైనీకి అడగడానికి ప్రశ్నే ఉండేది కాదు. ఎలక్ట్రీషియన్ చేసిన పని వల్లే తప్పు ఫ్యాన్‌దీ ఫిల్టర్‌దీ కాదని రెండు రోజుల్లోనే తేలింది. ఇక ట్రైనీ ఏం చేశాడు? "అక్కా, ఇకనుంచి అక్కడ పెట్టకండి" అని చెప్పి వచ్చేశాడు. అది వారం నిలిచేది, కొత్త బ్యాచ్ మనుషులు రాగానే పెట్టెలు మళ్లీ అక్కడికే చేరేవి. గోడౌన్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టెలకు వేరే చోటు ఇప్పించి, ప్యానెల్ ముందు నేల మీద రెండడుగుల దూరంలో పసుపు గీత కొట్టించింది ఆ రాసుకునే ఇంజనీరే.

జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రవేత్త 1945లో సమస్య తేల్చడానికి నాలుగు మెట్లు చెప్పాడు: అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి సరిచూసుకోవడం. ఆయన చెప్పింది లెక్కల కోసం, కానీ నేను బ్రేక్‌డౌన్లకూ అదే వాడతాను. మా ఎలక్ట్రీషియన్ మొదటి మెట్టు దాటేసి మూడోదానిలో ఉంటాడు. ఇంజనీరు మొదటి మెట్టు మీదే కూర్చుంటాడు, రెండోది ఎక్కడానికి ఎవరైనా చెయ్యి అందించాలి. ట్రైనీకి నాలుగో మెట్టు ఉందనే తెలియదు. మీ ఆరుగురినీ ఈ నాలుగు మెట్ల మీద నిలబెట్టి చూడండి, నాలుగు అక్షరాలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

మాట్లాడని మనిషి ఆలోచించడం లేదని అనుకోకండి. ఈ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. మా దగ్గర నైట్ షిఫ్ట్‌లో ఒక టెక్నీషియన్ ఉండేవాడు. పొద్దున మీటింగ్‌లో గోడకు ఆనుకుని నిలబడి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆసక్తి లేనివాడనుకుని ముఖ్యమైన పనులేవీ ఇచ్చేవాణ్ని కాదు. ఒకసారి ఒక లైన్ గేర్‌బాక్స్ పట్టేసింది, రెండు రోజులు ఉత్పత్తి పోయింది. తర్వాత లాగ్‌బుక్ తిరగేస్తుంటే పన్నెండు రోజుల కిందటి పేజీలో అతని చేతిరాత కనిపించింది: "గేర్‌బాక్స్ శబ్దం మారింది. లోడ్ లేనప్పుడు కూడా వస్తోంది. ఆయిల్ చూడాలి." పిలిచి, ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను. "రాశాను కదా సార్" అన్నాడు. అంతకుమించి అనలేదు. అతని వైపు తప్పేమీ లేదు. అతనికి చేతనైన దారిలో చెప్పాడు, ఆ దారిలో వినే మనిషి మా దగ్గర లేడు.

ఆ తర్వాత మీటింగ్ తీరు మార్చాను. సమస్య చెప్పి, ఐదు నిమిషాలు అందరూ కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే మాటలు. దీనికి ఆధారం కూడా ఉంది. 1958లో యేల్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. నలుగురు కలిసి కూర్చుని ఆలోచించినప్పుడు వచ్చిన ఉపాయాలకన్నా, నలుగురు ఎవరికి వారు ఆలోచించినవి కలిపితే ఎక్కువ వచ్చాయి. 1987లో ఇంకొందరు పరిశోధకులు దీనికి ముఖ్య కారణం తేల్చారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తట్టిన ఆలోచన జారిపోతుంది. మీ స్టాండప్‌లో (రోజూ నిలబడి పెట్టుకునే చిన్న మీటింగ్‌లో) మొదట గట్టిగా మాట్లాడేవాడి ఉపాయమే చివరికి అందరి ఉపాయం అవుతోందేమో ఒక వారం గమనించండి.

చెయ్యి పెట్టేసే మనిషి విషయంలో ఒక జాగ్రత్త. అతను అనుభవం లేక తొందరపడుతున్నాడా, అనుభవం ఎక్కువై తొందరపడుతున్నాడా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా సీనియర్ ఫిట్టర్ స్క్రూడ్రైవర్ కొస మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని బేరింగ్ పోయిందో లేదో చెప్పేస్తాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది. కానీ ఒక పంపు దగ్గర నెలలో రెండుసార్లు బేరింగ్ మార్చాడు, మూడోసారీ పోయింది. అసలు తప్పు మోటారుకూ పంపుకూ మధ్య అలైన్‌మెంట్‌లో, అంటే రెండూ ఒకే వరసలో లేకపోవడంలో, ఉంది. ఆయనకు తెలియని విషయం కాదు. చెవి "బేరింగ్" అనగానే కన్ను ఇంకో వైపు చూడటం మానేసింది.

1942లో ఏబ్రహం లూచిన్స్ చేసిన నీళ్ల కొలతల ప్రయోగం సరిగ్గా ఇదే చూపిస్తుంది. 21, 127, 3 కొలతల పాత్రలతో 100 కొలతల నీళ్లు తేవాలి. 127 లోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీస్తే వస్తుంది. ఇలాంటివే వరసగా చేయించాక 23, 49, 3 పాత్రలతో 20 తెమ్మన్నారు. 23 లోంచి 3 తీస్తే చాలు. కానీ ఎక్కువమంది పాత దారిలోనే 49 లోంచి 23, రెండుసార్లు 3 తీశారు. జవాబు వస్తుంది కాబట్టి ఇంకో దారి ఉందనే అనుమానమే రాదు. దీనికీ వ్యక్తిత్వానికీ పెద్దగా సంబంధం లేదు, అలవాటు పడిన ఎవరికైనా ఇదే జరుగుతుంది. అందుకే మా దగ్గర ఒక నియమం పెట్టాను. ఒకే రిపేరు రెండోసారి వస్తే, మూడోసారి అదే మనిషి ఒంటరిగా చూడకూడదు.

ప్రమాదాలు చూసే వ్యక్తి మీకు తలనొప్పిలా అనిపిస్తుండవచ్చు. ఆ మనిషిని అడిగే సమయం తప్పుతోంది, అంతే. ఉపాయాలు వెతికే గంటలో అతని మాట అందరి ఉత్సాహం మీద నీళ్లు చల్లుతుంది. అదే మాట రిలీజ్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ బయటికి వదలడానికి, ముందు రోజు బంగారం. గ్యారీ క్లైన్ అనే పరిశోధకుడు 2007లో దీనికి ఒక పద్ధతి చెప్పాడు: ప్రాజెక్టు అప్పటికే విఫలమైందని అనుకుని, ఎందుకు విఫలమైందో తలా ఒక కాగితం మీద రాయాలి. మేము పెద్ద షట్‌డౌన్ పనికి ముందు ఇరవై నిమిషాలు ఇదే చేస్తాం. భయపడే మనిషి రాసిన కాగితమే అందరికన్నా పొడుగ్గా ఉంటుంది. అందులో సగం జరగవు. మిగతా సగంలో ఒక్కటి ముందే ఆపగలిగినా ఆ ఇరవై నిమిషాల విలువ వచ్చేసినట్టే.

కొత్తగా రాద్దామనే వ్యక్తికి ఒక్కటే అడగండి: కొత్తది రేపు రాద్దాం, ఇవాళ రాత్రి నడవాల్సింది ఎలా నడుస్తుంది? దానికి జవాబు తెచ్చేదాకా ఆ కొత్త ఉపాయాన్ని కాగితం మీద ఉంచండి, కొట్టెయ్యకండి.

అడుగుతూ తిరిగే అమ్మాయి గురించి మాత్రం తొందరపడి ఏమీ అనుకోవద్దని చెప్తాను. స్వభావం అనుకున్నది ఒక్కోసారి భయం. మా దగ్గరకు ఇంకో ప్లాంట్ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు చిన్న స్పేర్ తెప్పించాలన్నా నన్ను అడిగేవాడు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని మనిషి అని రాసేసుకున్నాను. ఆరు నెలల తర్వాత టీ తాగుతూ చెప్పాడు: పాత చోట తను తెప్పించిన ఒక సామాను సరిపడకపోతే దాని డబ్బు జీతంలోంచి కోశారట. వెంటనే ఐదు వేల లోపు సామాను నన్ను అడగకుండా తెప్పించుకోమని కాగితం మీద రాసిచ్చాను. నెలలో మనిషి మారిపోయాడు. మీ టీమ్ అమ్మాయికి కావలసిన యాక్సెస్‌లు (సిస్టమ్‌లు తెరిచే అనుమతులు) ఉన్నాయా, పాత లీడ్ దగ్గర ఏదైనా జరిగిందా, ముందు అది కనుక్కోండి. ఆ తర్వాత కూడా నలుగురినీ అడిగే పని మొదలుపెడుతుందంటే, మా ట్రైనీ లాంటి మనిషి మీ దగ్గర ఉన్నట్టు.

ఇంకో మాట. మామూలు రోజున అందరూ కాస్త కాస్త సర్దుకుంటారు. రాత్రి రెండింటికి లైన్ ఆగి, పైనుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుంటే, ఆ టెన్షన్‌లో ప్రతివాడూ తన పాత తీరులోకి పోతాడు. చేతి మనిషి ఇంకా వేగంగా విప్పుతాడు, మాట్లాడని మనిషి ఇంకా మూగబోతాడు. అందుకే ఎవరు ఏం చూడాలో ఆ రాత్రి చెప్పడం కుదరదు, ముందే ఒప్పందం ఉండాలి. మా దగ్గర ఒకరు చెయ్యి పెడితే ఇంకొకరు పక్కన నిలబడి ఏం మార్చారో రాస్తారు. రెండు మార్పులు ఒకేసారి చేయరు. పైవాళ్ల ఫోన్లు మూడో మనిషి ఎత్తుతాడు. మీ ప్రొడక్షన్ కాల్స్‌కి కూడా ఇది సరిపోతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. నాకూ నలుగురిలో మాట్లాడటం కష్టం. మొదటి రెండేళ్లు మీటింగ్ ఉందంటే ముందు రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు. లీడ్ అంటే అందరికన్నా ఎక్కువ మాట్లాడాలనుకుని గొంతు పెంచి చూశాను, మనుషులు ఇంకా దూరం జరిగారు. తర్వాత ఆ ప్రయత్నం మానేసి, మెషిన్ పక్కన నిలబడి ఒక్కొక్కరిని విడివిడిగా రెండే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను: ఇది చివరిసారి బాగా నడిచింది ఎప్పుడు? అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడను. ఇన్నేళ్లుగా నా లీడర్‌షిప్ అంతా దాదాపు ఇదే. తక్కువ మాట్లాడే లీడ్‌కు వినడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. అయితే విన్నది తిరిగి టీమ్‌కు చెప్పే బాధ్యత మీదే. నోటితో కష్టమైతే రాసి పంపండి, కానీ పంపండి.

వచ్చే రెండు వారాలు ఎవరి పనీ మార్చకుండా, ప్రతి సమస్యకూ ఆరుగురిలో ఎవరు ముందు ఏం చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ సందేశంలో రెండు రోజులు నోరు విప్పని వ్యక్తి గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆ రెండు రోజుల్లో అతను ఏమైనా రాస్తున్నాడా, ఎవరికైనా ఒకరికి చెబుతున్నాడా, మూడో రోజు తెచ్చే జవాబు ఎలా ఉంటుంది? అది చూసి ఇక్కడే రాయండి, అతని గురించి విడిగా మాట్లాడదాం.